గోత్, డార్క్‌వేవ్ కంపైలేషన్లు: ఎలా వినాలి, ఎలా వెతకాలి, సొంతంగా ఒకటి ఎలా కూర్చాలి

గోత్ అంటే 1970ల చివర ఇంగ్లండ్‌లో పంక్ రాక్ తర్వాత వచ్చిన చీకటి ధోరణి రాక్, డార్క్‌వేవ్ దాని సింథసైజర్ కొమ్మ. ఈ సంగీతం విందామనుకునేవాళ్లు సాధారణంగా పెద్ద పేర్లతో మొదలుపెడతారు. ద క్యూర్, సూక్సీ అండ్ ద బాన్షీస్, బౌహౌస్, ద సిస్టర్స్ ఆఫ్ మెర్సీ. మంచిదే. అయితే అక్కడే ఆగిపోతే ఈ సంగీతంలో చాలా భాగం చెవినే పడదు. 1980లలో యూరప్, అమెరికా ఊళ్లలో పుట్టిన ఎన్నో చిన్న బ్యాండ్లు సొంత ఆల్బమ్ దాకా రాలేదు. రెండు మూడు పాటలు రికార్డు చేశారు, తెలిసినవాళ్లు కూరుస్తున్న క్యాసెట్‌కో ఎల్పీకో ఒకటి ఇచ్చారు, తర్వాత ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. వాళ్ల సంగీతం మిగిలింది ఆ కంపైలేషన్‌లోనే, అంటే పలు బ్యాండ్ల పాటలు కూర్చిన ఆ రికార్డులోనే. సినిమా హిట్స్ కలెక్షన్‌లో ఉండేవి జనానికి ముందే తెలిసిన పాటలు. ఇక్కడ మీరు వినే పాట ఇంకెక్కడా దొరకకపోవచ్చు. అందుకే కొత్తగా వచ్చేవాళ్లకు నేను ఆల్బమ్‌ల కన్నా ముందు కంపైలేషన్లే వినమని చెప్తాను. ఏ వరసలో వినాలో, ఎలా వెతకాలో, చివరికి మీరే ఒకటి ఎలా కూర్చాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు చెవికి అలవాటు చేయండి

ఏ కంపైలేషన్ పెట్టే ముందైనా ఒకే ఒక్క పాటను మూడుసార్లు వినండి. బౌహౌస్ వాళ్ల 'బేలా లుగోసీస్ డెడ్'. ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్ కుర్రాళ్లు నలుగురు 1979 జనవరిలో దగ్గర్లోని వెలింగ్‌బరోలో, ఒక చిన్న స్టూడియోలో దాన్ని రికార్డు చేశారు. ఆగస్టులో స్మాల్ వండర్ అనే చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ) విడుదల చేసింది. పాట తొమ్మిది నిమిషాలకు పైనే ఉంటుంది. గొంతు వినపడటానికే రెండు నిమిషాలు దాటుతుంది.

మొదటిసారి డ్రమ్స్ ఒక్కటే పట్టుకుని వినండి. రెండోసారి బేస్ గిటార్. కిందికి దిగుతూ మళ్లీ మళ్లీ వచ్చే ఆ వరస మీదే పాటంతా నిలబడి ఉంటుంది. మూడోసారి గిటార్. అది రాగం వాయించదు. ఎకోలో మునిగిపోయి గీరినట్టు, దూరంగా ఏదో తెగినట్టు శబ్దాలు చేస్తుంది. మన సినిమా పాటలో రాగాన్ని గొంతు, వయొలిన్లు, ఫ్లూట్ మోస్తాయి. ఇక్కడ ఎక్కువసార్లు రాగాన్ని మోసేది బేస్. ఈ ఒక్క సంగతి చెవికి పట్టుబడితే తర్వాత వినేవన్నీ సులువవుతాయి. ఫోన్ స్పీకర్లో మాత్రం వినకండి, బేస్ అసలు రాదు. మామూలు ఇయర్‌ఫోన్స్ అయినా చాలు.

డార్క్‌వేవ్‌లోకి వచ్చేసరికి గిటార్ వెనక్కి జరిగి సింథసైజర్ ముందుకొస్తుంది, డ్రమ్మర్ స్థానంలో డ్రమ్ మెషీన్ ఉంటుంది. నిజానికి గిటార్ బ్యాండ్లు కూడా మెషీన్‌ను ముందే వాడాయి. లీడ్స్‌లో 1980లో మొదలైన సిస్టర్స్ ఆఫ్ మెర్సీ వాళ్లు తమ డ్రమ్ మెషీన్‌కు డాక్టర్ అవలాంచ్ అని పేరు పెట్టి బ్యాండ్ సభ్యుడిగానే లెక్కలో వేసుకున్నారు. ఫ్రాన్స్‌లో అదే కాలంలో వచ్చిన పొడి పొడి ధోరణిని కోల్డ్‌వేవ్ అంటారు. ఇళ్లలో రెండు మూడు వాయిద్యాలతో క్యాసెట్ మీద రికార్డు చేసుకున్న సింథ్ పాటల్ని మినిమల్ వేవ్ అంటారు. ఈ గీతలు అంత కచ్చితమైనవి కావు. ఒకే బ్యాండ్ మూడు చోట్లా కనిపిస్తుంది. పేర్ల గురించి టెన్షన్ పడకండి, వింటూ ఉంటే అవే తెలుస్తాయి.

మెటల్ వింటూ ఇటు వచ్చేవాళ్లకు ఒక మాట. గోతిక్ మెటల్ వేరే కొమ్మ. ఇక్కడ భారీ డిస్టార్షన్ కోసం, గిటార్ సోలో కోసం ఎదురుచూస్తే నిరాశే మిగులుతుంది. ఈ పాటలు పెద్దగా అరవవు, ఖాళీని ఎక్కువగా వాడుకుంటాయి.

ఏ వరసలో వినాలి

చాలామంది నేరుగా పెద్ద బాక్స్ సెట్ తీసుకుంటారు. 2006లో రైనో లేబుల్ తెచ్చిన 'ఎ లైఫ్ లెస్ లివ్డ్' ఉంది. మూడు సీడీలు, ఒక డీవీడీ, నల్లటి కార్సెట్‌లా లేసులు కట్టిన పెట్టె. 2017లో చెర్రీ రెడ్ ఐదు సీడీల్లో తెచ్చిన 'సిల్యుయెట్స్ అండ్ స్టాచ్యూస్' ఉంది, 1978 నుంచి 1986 దాకా బ్రిటిష్ గోత్‌ను కవర్ చేస్తుంది. రెండోది చాలా శ్రద్ధగా చేసిన పని, ఎవరూ పట్టించుకోని బ్యాండ్లను కూడా వెతికి పెట్టారు. అయినా వీటిని చివరికి ఉంచండి. ఇవి చరిత్ర అయిపోయాక వెనక్కి తిరిగి చూసి కూర్చినవి. ముందు, ఆ కాలంలోనే, ఏం జరుగుతోందో కూర్చినవాళ్లకే పూర్తిగా తెలియనప్పుడు వచ్చినవి వినాలి.

మొదట 1983 నాటి 'ద బ్యాట్‌కేవ్: యంగ్ లింబ్స్ అండ్ నంబ్ హిమ్స్'. లండన్ సోహోలో డీన్ స్ట్రీట్‌లో 1982 జులైలో బ్యాట్‌కేవ్ అనే క్లబ్ మొదలైంది. స్పెసిమెన్ అనే బ్యాండ్ వాళ్లు దాన్ని నడిపేవాళ్లు. ఆ క్లబ్ చుట్టూ తిరిగినవాళ్ల పాటలే ఈ ఎల్పీ. వింటుంటే ఆశ్చర్యం వేస్తుంది, ఒక్క పాటకూ ఇంకో పాటకూ పోలిక ఉండదు. స్పెసిమెన్ వాళ్లది మేకప్, మెరుపులు ఉన్న గ్లామ్ రాక్. ఏలియన్ సెక్స్ ఫీండ్ వాళ్లది డ్రమ్ మెషీన్ మీద పిచ్చి కేకలు. టెస్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఇనప సామాన్ల మీద కొడతారు. గోత్ అంటే ఇలాగే ఉండాలని అప్పటికింకా ఎవరూ గిరి గీయలేదని ఈ రికార్డు వింటే తెలుస్తుంది. బాక్స్ సెట్లలో ఈ గందరగోళం ఉండదు, అందుకే నాకు ఇది ఇష్టం.

తర్వాత అమెరికా వైపు. 1981లో లాస్ ఏంజెలెస్‌లో వచ్చిన 'హెల్ కమ్స్ టు యువర్ హౌస్' నిజానికి పంక్ (వేగంగా, మొరటుగా వాయించే రాక్) కంపైలేషన్. సోషల్ డిస్టార్షన్ లాంటి పంక్ బ్యాండ్ల మధ్యలో క్రిస్టియన్ డెత్, 45 గ్రేవ్ ఉంటాయి. తర్వాత డెత్‌రాక్ అన్న ధోరణి అక్కడి పంక్ కడుపులోంచే ఎలా వచ్చిందో వరసగా వింటే అర్థమవుతుంది. ఇంగ్లండ్ గోత్‌లో నాటకం ఎక్కువ, కాలిఫోర్నియా వాళ్లలో కోపం ఎక్కువ.

మూడోది 1987 నాటి 'లోన్లీ ఈజ్ యాన్ ఐసోర్', లండన్ లేబుల్ 4ఏడీది. ఎనిమిది బ్యాండ్లు, తొమ్మిది పాటలు. కాక్టో ట్విన్స్, డెడ్ కెన్ డాన్స్, దిస్ మార్టల్ కాయిల్, క్లాన్ ఆఫ్ జైమాక్స్, కలర్‌బాక్స్, ఇంకా కొందరు. ఒక లేబుల్‌కు తనదంటూ ఒక రుచి ఉంటే అది ఎలా ఉంటుందో దీన్ని మించిన ఉదాహరణ లేదు. కవర్ డిజైన్ వాన్ ఆలివర్, నైజెల్ గ్రియర్సన్‌ల జోడీది. ఆ కవర్ చూస్తూ వినండి, పాటలకూ బొమ్మకూ మధ్య ఉన్న బంధం తెలుస్తుంది. డెడ్ కెన్ డాన్స్ వాళ్ల రెండు పాటల మధ్య ఎంత తేడా ఉందో గమనించండి. 1990లలో డార్క్‌వేవ్ ఎటు వెళ్లిందో అప్పుడే అందులో ఉంది.

ఇక్కడి నుంచి ఫ్రాన్స్. టైగర్‌సుషి లేబుల్ 2004లో తెచ్చిన 'సో యంగ్ బట్ సో కోల్డ్', బోర్న్ బ్యాడ్ లేబుల్ 2006లో తెచ్చిన 'బిప్' రెండూ 1970ల చివర, 1980ల మొదట్లో వచ్చిన ఫ్రెంచ్ పాటలను తవ్వి తీసినవే. వెనక్కి చూసి కూర్చినవే అయినా వీటిని మినహాయిస్తాను. ఎందుకంటే వీటికి ముందు చాలా పాటలు ఫ్రాన్స్ బయట దాదాపు ఎవరికీ దొరికేవి కావు. న్యూయార్క్‌లో వెరోనికా వాసికా 2005లో మినిమల్ వేవ్ అనే లేబుల్ పెట్టి ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున చేశారు. ఆమె 2010లో స్టోన్స్ త్రో లేబుల్‌తో కలిసి తెచ్చిన 'ద మినిమల్ వేవ్ టేప్స్' తప్పకుండా వినాల్సినది. లియోన్‌కు చెందిన డ్యూ, మార్సెయ్‌కు చెందిన మార్టిన్ డ్యుపాంట్, హాలండ్‌కు చెందిన దాస్ డింగ్ లాంటివాళ్లు, అప్పట్లో కొద్దిమందికే చేరిన పాటలు. అదే ఏడాది యాంగ్యులర్ లేబుల్ 'కోల్డ్ వేవ్స్ అండ్ మినిమల్ ఎలక్ట్రానిక్స్' తెచ్చింది. రెండూ పక్కపక్కన వింటే ఒకే తరహా సంగీతాన్ని ఇద్దరు ఎంత వేరుగా ఏరుకోగలరో తెలుస్తుంది.

1990ల జర్మనీకి వస్తే సముద్రమే. న్యూరెంబర్గ్‌లోని హైపీరియం లేబుల్ 1993లో మొదలుపెట్టిన 'హెవెన్లీ వాయిసెస్' సిరీస్‌లో ఆడగొంతుల పాటలే ఉంటాయి. దాంతో మొదలుపెట్టండి. లైప్‌జిగ్‌లో 1992 నుంచి పెంతెకొస్తు పండగ రోజుల్లో జరిగే వేవ్ గోతిక్ ట్రెఫెన్ ఉత్సవం పేరు మీద కూడా కంపైలేషన్లు వస్తుంటాయి. ఆ రోజుల్లో ఊరంతా నల్లబట్టలతో నిండిపోతుంది. జర్మనీలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు ఎంతోమంది ఉన్నారు. మీరు వాళ్లలో ఒకరైతే ఆదివారం ఫ్లోమార్కెట్‌లలో (పాత సామాన్ల సంతల్లో) పాత సీడీల పెట్టెలు తిరగేయండి. 1990ల సాంప్లర్ సీడీలు (లేబుళ్లు తమ బ్యాండ్లను పరిచయం చేయడానికి కూర్చినవి) తక్కువ ధరకే దొరుకుతుంటాయి. అమెరికాలో ఉంటే శామ్ రోజెంథాల్ 1983లో ఫ్లోరిడాలో మొదలుపెట్టిన ప్రొజెక్ట్ లేబుల్ కంపైలేషన్లు వెతకండి. నెమ్మదిగా, పొగమంచులా సాగే సంగీతం వాళ్లది.

ఒక్కో కంపైలేషన్‌ను ఎలా వినాలి

షఫుల్ ఆపేయండి. ఎల్పీ, క్యాసెట్ కాలపు కంపైలేషన్‌కు రెండు వైపులు ఉంటాయి. ఒక వైపు మొదటి పాటనూ చివరి పాటనూ కూర్చినవాళ్లు చాలా ఆలోచించి పెడతారు. స్ట్రీమింగ్‌లో వింటున్నా డిస్కాగ్స్‌లో (రికార్డుల వివరాలు ఉండే, పాతవి కొనుక్కోగలిగే వెబ్‌సైట్) ట్రాక్ లిస్ట్ చూసి, మొదటి వైపు ఎక్కడ ముగిసిందో అక్కడ ఆపండి. ఒకసారి కూర్చుంటే ఒక వైపు చాలు. రెండో వైపు ఇంకో రోజు.

మొదటిసారి ఏమీ రాయకుండా వినండి. రెండోసారి కాగితం దగ్గర పెట్టుకుని ప్రతి పాటకూ రెండే మాటలు రాయండి. పాటలో ముందుకొచ్చి వినిపించేది ఏది, అది మిమ్మల్ని ఏం చేసింది. 'బేస్, నిద్ర పట్టనట్టు', 'ఆడగొంతు, గుడి లోపల ప్రతిధ్వని' ఇలా. నచ్చిందా లేదా అన్నది రాయకండి. ఈ సంగీతంలో మొదటిసారి నచ్చని పాట నెల తర్వాత వదలకుండా వెంటపడటం చాలా మామూలు.

భాష రాకపోవడం అడ్డంకి కాదు. జర్మన్, ఫ్రెంచ్, టర్కిష్, రష్యన్ గొంతుల్ని ముందు వాయిద్యాల్లాగే వినండి. టర్కీలోని బుర్సాకు చెందిన షీ పాస్ట్ అవే మొత్తం టర్కిష్‌లోనే పాడతారు, వాళ్లకు ప్రపంచమంతా శ్రోతలున్నారు. అర్థం కావాలనిపించిన పాటకు తర్వాత అనువాదం చూసుకోవచ్చు.

ఒక్క పాట పట్టుకుని బ్యాండ్ దాకా వెళ్లడం

ప్రతి కంపైలేషన్ నుంచి ఒకే ఒక్క బ్యాండ్‌ను ఎంచుకోండి. అన్నింటి వెంటా పరిగెత్తితే ఏదీ మిగలదు. డిస్కాగ్స్‌లో ఆ బ్యాండ్ పేజీ తెరవండి. ముందు ఆల్బమ్‌ల వైపు వెళ్లకుండా, కంపైలేషన్లలో వాళ్లు ఎక్కడెక్కడ కనిపించారో ఉన్న జాబితా చూడండి. వాళ్ల పక్కన పదే పదే వచ్చే పేర్లే వాళ్ల అసలు చుట్టాలు. అదే ఊరు, అదే స్టూడియో, అదే క్లబ్ అయి ఉంటుంది. తర్వాత లేబుల్ పేరు నొక్కండి. చిన్న లేబుళ్లలో మొత్తం విడుదలలు పది దాటకపోవచ్చు. ఆ పదీ చూస్తే ఒక ఊరి సంగీతం కళ్ల ముందుకొస్తుంది.

క్లాన్ ఆఫ్ జైమాక్స్‌నే తీసుకోండి. 'లోన్లీ ఈజ్ యాన్ ఐసోర్'లో విన్నారు. వెనక్కి వెళ్తే, నెదర్లాండ్స్‌లో నైమేఖన్ ఊరి నుంచి వచ్చినవాళ్లని, అప్పటి పేరు జైమాక్స్ అని, 1983లో 'సబ్‌సీక్వెంట్ ప్లెజర్స్' అనే మినీ రికార్డును 500 కాపీలు మాత్రమే తామే అచ్చు వేయించుకున్నారని తెలుస్తుంది. రెండేళ్లకు, 1985లో, 4ఏడీ నుంచి వాళ్ల ఆల్బమ్ వచ్చింది. ఆ రెండు రికార్డులూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. ఇంట్లో చేసిన సంగీతం స్టూడియోకు వెళ్తే ఏం సంపాదిస్తుంది, ఏం పోగొట్టుకుంటుంది అన్నది ఇంతకన్నా బాగా ఎక్కడా వినపడదు.

కొత్త కాలంలోనూ ఇదే దారి. బెలారస్‌లోని మిన్స్క్ బ్యాండ్ మోల్చాత్ దోమా 2018లో తెచ్చిన 'ఎతాజీ' ఆల్బమ్‌ను మొదట విడుదల చేసింది దెత్రితి అనే చిన్న బెర్లిన్ లేబుల్. 2020లో అమెరికాలోని సేక్రెడ్ బోన్స్ ఆ ఆల్బమ్‌ను మళ్లీ తెచ్చింది, అదే ఏడాది టిక్‌టాక్‌లో వాళ్ల పాట పాకిపోయింది. అందరికీ తెలిసింది అప్పుడు. చిన్న లేబుళ్ల సాంప్లర్లు వింటున్నవాళ్లకు ముందే తెలుసు.

కొనేటప్పుడు

బ్యాండ్లు, లేబుళ్లు నేరుగా సంగీతం అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌తో మొదలుపెట్టండి. చాలా చిన్న లేబుళ్లు తమ సాంప్లర్లను ఉచితంగానో, మీకు తోచినంత ఇచ్చి తీసుకోమనో పెడతాయి. ఎంపీ3 కాకుండా ఫ్లాక్ ఫైలు దించుకోండి, నాణ్యత తగ్గదు. విదేశీ చెల్లింపులకు మీ కార్డు అనుమతి ఉందో లేదో బ్యాంక్ యాప్‌లో ముందే చూసుకోండి. బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకాల మీద 15 శాతం, క్యాసెట్లు, ఎల్పీల మీద 10 శాతం తీసుకుంటుంది. మీరిచ్చే డబ్బులో ఎక్కువ భాగం లేబుల్‌కే చేరుతుంది కాబట్టి, ఉచితంగా ఉన్నదానికి కూడా ఎంతో కొంత ఇవ్వండి.

పాత రికార్డు కొంటుంటే డిస్కాగ్స్ గ్రేడింగ్ చదవడం నేర్చుకోండి. వీజీ ప్లస్ (వెరీ గుడ్ ప్లస్) కన్నా తక్కువ ఉన్న ఎల్పీ ఈ సంగీతానికి పనికిరాదు. నిశ్శబ్దం ఎక్కువ ఉండే పాటల్లో చిటపటలు భరించలేం. ఇండియాకు తెప్పిస్తే పోస్టేజీ రికార్డు ధరను దాటొచ్చు, మీద కస్టమ్స్ డ్యూటీ పడొచ్చు. నలుగురు స్నేహితులు కలిసి ఒకే పార్సిల్‌గా తెప్పించుకోవడం మేలు.

క్యాసెట్ కొంటే మీ ప్లేయర్లో శబ్దం మందంగా, దుప్పటి కప్పినట్టు వస్తే టేప్ పాడైందని అనుకోకండి. హెడ్ పక్కన ఉండే చిన్న స్క్రూతో అజిముత్ (టేప్‌కు హెడ్ ఆనే కోణం) సరిచేసి చూడండి, పై శబ్దాలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. టేప్ మీద డాల్బీ బీ (టేప్ బుస తగ్గించే పద్ధతి) గుర్తు ఉంటే ప్లేయర్లోనూ అది ఆన్ చేయాలి.

ఇప్పుడు మీ సొంత కంపైలేషన్

కొంతకాలం వింటే మీ దగ్గర పాటలు పోగవుతాయి. అప్పుడు కూర్చడం మొదలుపెట్టండి. స్నేహితుల కోసమే అయినా సరే, ఏరి వరస పెట్టడంలో వచ్చే శ్రద్ధ ఊరికే వినడంలో రాదు.

ముందు ఒక కట్టుబాటు పెట్టుకోండి. 'నాకు నచ్చిన డార్క్‌వేవ్' అన్నది కట్టుబాటు కాదు. ఒక ఊరు, ఒక సంవత్సరం, ఒక వాయిద్యం, ఒక భాష. 'డ్రమ్ మెషీన్, బేస్, ఆడగొంతు మాత్రమే' అనుకోండి. లేదా '1983లో వచ్చినవే'. కట్టుబాటు ఎంత ఇరుగ్గా ఉంటే అంత లోతుకు వెతుకుతారు.

తర్వాత నిడివి. మన ఊళ్లలో ఒకప్పుడు క్యాసెట్ రికార్డింగ్ షాపులు ఉండేవి. కాగితం మీద పాటల జాబితా రాసి ఇస్తే, ఖాళీ సీ-60 క్యాసెట్ మీద చెరో వైపు ముప్ఫై నిమిషాలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. మీరు రాసిన వరసకు ఆ ముప్ఫై నిమిషాల్లో చోటు సరిపోకపోతే చివరి పాట సగంలో తెగిపోయేది. ఆ హద్దునే మీరూ పెట్టుకోండి. రెండు వైపులు, చెరో ముప్ఫై నిమిషాలు, ఆరేడు పాటల చొప్పున. డిజిటల్‌లో హద్దు లేదు కదా అని నలభై పాటలు పెడితే ఎవరూ చివరి దాకా వినరు. ఎల్పీగా తేవాలనుకుంటే ఇంకా తగ్గించాలి, వైపుకు ఇరవై రెండు నిమిషాలు దాటితే శబ్దం పలచబడుతుంది.

వరస పెట్టడానికి చాలా సమయం తీసుకోండి. నేను చేసే పద్ధతి చెప్తాను. ప్రతి పాట పేరూ ఒక చీటీ మీద రాసి, పక్కన దాని వేగం, మొదటి పది సెకన్లలో వినపడేది, చివరి పది సెకన్లలో వినపడేది రాస్తాను. చీటీలు నేల మీద పరిచి ఒక పాట చివరినీ తర్వాతి పాట మొదలునూ పక్కపక్కన పెట్టి చూస్తాను. ఎకోతో కరిగిపోయే పాట తర్వాత డ్రమ్ మెషీన్ గట్టిగా మొదలయ్యే పాట బాగుంటుంది. రెండు కరిగిపోయే పాటలు వరసగా వస్తే వినేవాళ్లు జారిపోతారు. రెండు మెషీన్ పాటలు ఒకే వేగంతో పక్కపక్కన ఉంటే రెండూ ఒకే పాటలా వినిపిస్తాయి. లోతైన మగగొంతులు మూడు వరసగా పెట్టకండి, ఎంత మంచివైనా సరే.

అందరికీ తెలిసిన బ్యాండ్ పాట పెట్టాలనుకుంటే మొదటి వైపు మూడో పాటగా పెట్టండి. మొదట్లోనే పెడితే మిగతావన్నీ దాని నీడలో పడతాయి. మొదటి పాట ఎవరూ వినని బ్యాండ్‌ది అయితే వినేవాళ్లు చెవులు రిక్కిస్తారు. మొదటి వైపు చివర పొడవైన పాట, రెండో వైపు మొదట్లో పొట్టిగా, చురుగ్గా ఉన్నది. పాటల మధ్య రెండు సెకన్ల ఖాళీ మామూలు. ఎకో పూర్తిగా ఆరిపోవాల్సిన పాట తర్వాత నాలుగు సెకన్లు ఇవ్వండి. ఈ సంగీతంలో ఆ నిశ్శబ్దం కూడా పాటలో భాగమే.

శబ్దం సరిచూడటం సులువే. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. 1980ల రికార్డింగులు మెల్లగా ఉంటాయి, ఇప్పటివి చాలా గట్టిగా మాస్టర్ చేస్తారు. పాతవాటిని పైకి లాగకండి, గట్టిగా ఉన్నవాటిని కిందికి దించండి. మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గర అన్నీ ఉంటే, పీక్ మైనస్ 1 డెసిబెల్ దాటకపోతే సరిపోతుంది. ఆ లెక్క కుదిరాక మళ్లీ చెవితో వినండి. బేస్ ఎక్కువ ఉన్న పాట మీటర్‌లో సమానంగా ఉన్నా చెవికి మెల్లగా అనిపిస్తుంది, దాన్ని కొంచెం పెంచాలి. ఎల్పీ నుంచి ఎక్కించిన పాటలో చిటపట తీసేటప్పుడు నాయిస్ రిమూవల్ చాలా కొద్దిగా వాడండి. ఎక్కువైతే సింబల్స్ (డ్రమ్స్ మీది పళ్లేల శబ్దం), ఎకో తోకలు నీళ్లలో ఉన్నట్టు అయిపోతాయి.

నలుగురికీ విడుదల చేయాలంటే

స్నేహితుడికి ఇచ్చే క్యాసెట్‌కూ నెట్‌లో పెట్టే కంపైలేషన్‌కూ చాలా తేడా ఉంది. రెండోదానికి ప్రతి పాటకూ రాతపూర్వక అనుమతి కావాలి. ఉచితంగా ఇస్తున్నా, విరాళాల కోసం చేస్తున్నా ఇదే నియమం. పాత పాట అయితే కవర్ మీద వృత్తంలో పీ అక్షరం పక్కన ఉన్న పేరు చూడండి, రికార్డింగ్ హక్కు ఆ ఏడాదికి వాళ్లది. వృత్తంలో సీ అక్షరం ఉన్నది కవర్ బొమ్మకూ రాతకూ సంబంధించినది. ఆ లేబుల్ మూతపడి ఉంటే హక్కులు బ్యాండ్‌కు తిరిగి వచ్చి ఉండొచ్చు, ఇంకొకరికి అమ్మేసి కూడా ఉండొచ్చు. జవాబు రాకపోతే ఆ పాట వదిలేయండి.

ఇప్పటి బ్యాండ్లను అడగడం చాలా సులువు. ఈ సంగీతం చేసేవాళ్లు జవాబిస్తారు, చాలామంది ఉత్సాహంగా ఇస్తారు. ఈమెయిల్ పొట్టిగా రాయండి. ఏ పాట, డిజిటల్‌గానా క్యాసెట్‌గానా, ఎన్ని కాపీలు, డబ్బు వస్తే ఎలా పంచుతారు, బ్యాండ్‌కు ఎన్ని కాపీలు ఉచితంగా పంపుతారు. పాట హక్కు వాళ్లదేనని, మీకిచ్చేది ఈ ఒక్క విడుదలకు మాత్రమేనని, వాళ్లు అదే పాటను ఇంకెవరికైనా ఇవ్వొచ్చని స్పష్టంగా చెప్పండి. మీ కట్టుబాటు ఏమిటో, వాళ్ల పాట అందులోకి ఎందుకు వస్తుందో రెండు వాక్యాలు రాయండి. అన్ని బ్యాండ్లకూ ఒకే ఈమెయిల్ కాపీ చేసి పంపితే ఆ సంగతి వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

అనుమతి అడగకముందే ఇంకో పని చేయండి. ఈ సంగీతం అంచుల్లో, ముఖ్యంగా నియోఫోక్ (జానపద ధోరణి చీకటి పాటలు), మార్షల్ ఇండస్ట్రియల్ (సైనిక డ్రమ్స్‌తో సాగే సంగీతం) వైపు, ఫాసిస్టు గుర్తులతో ఆడుకునేవాళ్లు, కొందరు నిజంగా ఆ భావాలున్నవాళ్లు ఉన్నారు. బ్యాండ్ పాత కవర్లు, ఇంటర్వ్యూలు, ఇతర కంపైలేషన్లలో వాళ్ల పక్కనున్న పేర్లు చూడండి. అనుమానం ఉంటే పెట్టకండి. మీ జాబితాలో ఒక బ్యాండ్ చేరితే దాని పక్కన నిలబడేది మిగతా పన్నెండు బ్యాండ్లు. వాళ్లకు ఆ పేరు ముందే చెప్పాల్సిన బాధ్యత కూర్చినవాళ్లదే.

కవర్ విషయంలో నాదొక్కటే కోరిక. శ్మశానాలు, గబ్బిలాలు, కొవ్వొత్తులు వద్దు. 4ఏడీ కవర్లు ఇన్నేళ్ల తర్వాత కూడా కొత్తగా ఉన్నాయంటే వాటిలో ఇవేవీ లేకపోవడం ఒక కారణం. మీ కట్టుబాటుకు సరిపోయే ఫోటో ఒకటి, చదవగలిగే అక్షరాలు చాలు. లోపలి కాగితం మీద మాత్రం పిసినారితనం వద్దు. ప్రతి పాటకూ బ్యాండ్ పేరు, ఊరు, రికార్డు చేసిన ఏడాది, మొదట ఎక్కడ వచ్చిందో, ఎవరు వాయించారో రాయండి. 1980 నవంబరులో బ్రసెల్స్ లేబుల్ క్రెప్యుస్కూల్ తెచ్చిన 'ఫ్రమ్ బ్రసెల్స్ విత్ లవ్' క్యాసెట్‌తో పాటు ఒక చిన్న పుస్తకం కూడా వచ్చింది. టేప్ మీద ఇంగ్లిష్ సంగీతకారుడు బ్రయన్ ఈనో, ఫ్రెంచ్ నటి జాన్ మొరోలతో సంభాషణలు కూడా పెట్టారు. అది గోత్ కాదు, కానీ క్యాసెట్‌ను అంత గౌరవంగా తయారుచేయవచ్చని చూపించింది.

బ్యాండ్‌క్యాంప్‌లో పెట్టేటప్పుడు ఆల్బమ్‌ను మీ లేబుల్ పేరు మీద పెట్టి, ప్రతి పాటకూ బ్యాండ్ పేరు విడిగా నింపండి. చాలామంది పాట పేరులోనే బ్యాండ్ పేరు కలిపేస్తారు, అప్పుడు దించుకున్నవాళ్ల ప్లేయర్లో అన్నీ ఒకే బ్యాండ్ పాటల్లా కనిపిస్తాయి. ప్రతి పాట పేజీలో బ్యాండ్ సొంత పేజీకి లింకు ఇవ్వండి. విడుదలకు వారం ముందు అందరికీ తేదీ, కవర్ బొమ్మ పంపండి.

క్యాసెట్ అయితే, అచ్చయి వచ్చిన కాపీల్లో ఒకటి తీసి రెండు వైపులా మొదటి నుంచి చివరి దాకా విన్నాకే మిగతావి పోస్టులో వేయండి. ముందు బ్యాండ్లకు, తర్వాత కొన్నవాళ్లకు. మాస్టర్ ఫైళ్లు, అనుమతి ఈమెయిళ్లు, కవర్ ఫైలు అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి రెండు చోట్ల దాచండి. ఏళ్ల తర్వాత ఎవరైనా దాన్ని మళ్లీ తెస్తామని అడిగితే కావాల్సింది ఇదే. చివరగా డిస్కాగ్స్‌లో మీ కంపైలేషన్ ఎంట్రీ మీరే చేయండి. ట్రాక్ లిస్ట్, నిడివులు, వాయించినవాళ్ల పేర్లు, రెండు వైపుల ఫోటోలు. బ్యాండ్ పేరు కొట్టేటప్పుడు అదే పేరుతో ఉన్న ఇంకో బ్యాండ్‌కు లింకు పడలేదు కదా అని ఒకసారి సరిచూసి పంపండి.